ఒక బడి చట్టం, ఒక గవర్నరు ఎన్నిక: విస్కాన్సిన్, 1890

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఎన్నికలనగానే మనకు నాలుగేండ్లకొకసారి జరిగే అధ్యక్షుని ఎన్నిక మాత్రమే స్ఫురిస్తుంది. రాష్ట్రాల గవర్నర్ల ఎన్నికలను గూర్చి మన పాఠ్యగ్రంథాలలో ఒకటి రెండు వాక్యాలకు మించి కనబడదు. మన దేశంలో గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికాలో గవర్నరు ప్రజల ఓట్లతో నేరుగా ఎన్నికై, రాష్ట్ర పరిపాలనకు తానే అధినేత అవుతాడు. మన ముఖ్యమంత్రి వహించే బాధ్యతలలో అధికభాగం అక్కడ గవర్నరు మీదనే ఉంటుంది. కావున ఆ ఎన్నికలలో ప్రజల నిత్యజీవితానికి సంబంధించిన ప్రశ్నలు, అనగా రోడ్లు, పన్నులు, మద్యనిషేధం, పాఠశాలలు, సూటిగా ఓటరు ముందుకు వస్తాయి.

అట్టి ఎన్నికలలో ఒకటి అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలలో చదువుకొనేవారు ప్రత్యేకించి తెలిసికొనదగినది. అది 1890 నవంబరు 4వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రంలో జరిగిన గవర్నరు ఎన్నిక. బడిలో పిల్లవాడు ఏ భాషలో చదవాలి, ఆ సంగతి నిర్ణయించవలసినది తల్లిదండ్రులా, ప్రభుత్వమా అన్నదే ఆ ఎన్నికలో ప్రధాన సమస్య. ఆ ఒక్క ప్రశ్న మీద అధికారంలో ఉన్న గవర్నరు ఓడిపోయాడు. పదునైదేండ్లుగా గవర్నరు పదవి నెరుగని పక్షం గద్దెనెక్కింది.

విస్కాన్సిన్ అమెరికా ఉత్తరభాగాన, మిషిగన్ సరస్సుకు పడమట ఉన్న రాష్ట్రం. 1848లో అది సంయుక్త రాష్ట్రాలలో చేరింది. ఇంచుమించు అదే కాలంలో జర్మన్ దేశాల నుండి వేలాది కుటుంబాలు ఓడలెక్కి అక్కడికి రాసాగాయి. 1848 నాటి విప్లవం విఫలమైనందున వచ్చినవారు కొందరు. ప్రష్యా రాజు తమ ఆరాధనా విధానంలో జోక్యం కలిగించుకొన్నాడని అంతకు ముందే వచ్చిన లూథరన్లు కొందరు. ఎక్కువమంది మాత్రం దున్నుకొనడానికి నాలుగు ఎకరాల భూమి దొరుకుతుందని వచ్చినవారే. 1890 జనాభా లెక్కల నాటికి రాష్ట్ర జనసంఖ్య సుమారు 17 లక్షలు. అందులో జర్మనీలో జన్మించినవారే రెండున్నర లక్షలకు మించి ఉన్నారు. తాము గాని, తమ తల్లిదండ్రులు గాని పరదేశంలో పుట్టినవారందరినీ కలిపి లెక్కిస్తే నూటికి డెబ్బైమందికి పైగా తేలుతారు. నార్వే వారు, పోలెండు వారు, ఐర్లండు వారు గణనీయమైన సంఖ్యలో ఉండేవారు.

మిల్వాకీ నగరంలో ఆనాడు జర్మన్ భాషలోనే సరుకు కొనవచ్చు, ప్రార్థన చేయవచ్చు, పత్రిక చదువవచ్చు, నాటకం చూడవచ్చు. ఒక్క చిన్న విశేషం చెప్పి ముందుకు సాగుతాను. నేడు మన పట్టణాలలో వీధివీధినా కనబడే ‘కిండర్‌గార్టెన్’ అనే మాట జర్మన్ మాట. అమెరికాలో మొట్టమొదటి కిండర్‌గార్టెన్‌ను 1856లో మార్గరెథె షుర్జ్ అనే వనిత ఈ విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్ అనే ఊరిలోనే నెలకొల్పింది. అందులో పిల్లలకు నేర్పినది జర్మన్ భాషలోనే. అమెరికా విద్యకు జర్మనుల కానుక చిన్నదేమీ కాదు.

వీరిలో లూథరన్లు, కాథలిక్కులు తమ చర్చిల ప్రక్కనే స్వంత పాఠశాలలు కట్టుకొన్నారు. ప్రభుత్వ పాఠశాలల నిమిత్తం అందరితో పాటు పన్ను చెల్లిస్తూనే, ఈ పాఠశాలల ఖర్చును కూడా తామే భరించేవారు. వీటిలో మతబోధ, చదువు, లెక్కలు ఎక్కువగా జర్మన్ భాషలో సాగేవి. చాలా పాఠశాలలలో ఇంగ్లీషు కూడా ఒక పాఠ్యాంశంగా ఉండేది. కొన్నింటిలో పేరుకు మాత్రమే ఉండేది, మరి కొన్నింటిలో అసలే ఉండేది కాదు. ఇంటి భాష పోతే దానితో పాటు తాతముత్తాతల విశ్వాసం కూడా పోతుందని ఆ తల్లిదండ్రుల భయం. ప్రార్థనా పుస్తకం, కీర్తనలు, మత ప్రశ్నోత్తరి, అన్నీ వారికి ఆ భాషలోనే ఉన్నాయి మరి!

ఇట్టి పరిస్థితిలో 1889 ఏప్రిల్ మాసంలో ‘బెన్నెట్ చట్టం’ అమలులోకి వచ్చింది. శాసనసభలో దీనిని ప్రవేశపెట్టిన మైకేల్ బెన్నెట్ డాడ్జ్‌విల్ వాసి. పైగా కాథలిక్ మతస్థుడు. సభలో దానిపై చెప్పుకోదగిన చర్చ గాని, ప్రతిఘటన గాని లేకుండానే అది ఆమోదం పొందింది. ఏడేండ్ల నుండి పదునాలుగేండ్ల వరకు గల ప్రతి బాలుడు, బాలిక సంవత్సరానికి కనీసం 12 వారాలు బడికి పోవాలి. పంపని తల్లిదండ్రులకు జరిమానా. పసిపిల్లలను కర్మాగారాలలో పనికి పెట్టుకొనరాదు. ఇంతవరకు కాదనగల సహృదయుడెవడూ ఉండడు. తగవు తెచ్చినవి దానిలోని రెండు చిన్న వాక్యాలు.

మొదటిది, పిల్లవాడు తాను నివసించే పాఠశాల మండలంలోని బడికే పోవాలనే నిబంధన. గ్రామీణ ప్రాంతాలలో నాలుగైదు మండలాల కుటుంబాలు కలిసి ఒక చర్చిని, ఒక బడిని నిలుపుకొనేవి. ఈ నిబంధనను అక్షరాలా అమలు జరిపితే హద్దు దాటి తమ చర్చి బడికి నడచిపోయే పిల్లవాని తండ్రి నేరస్థుడవుతాడు. రెండవది మరింత గట్టిది. చదవడం, వ్రాయడం, లెక్కలు, అమెరికా చరిత్ర, ఈ నాలుగింటిని ఇంగ్లీషు భాషలో నేర్పని ఏ బడినీ చట్టరీత్యా ‘పాఠశాల’గా పరిగణింపరాదని ఆ వాక్యం శాసించింది. అనగా నలుబది సంవత్సరాలుగా ఒక ఊరివారు చందాలు వేసికొని పోషించిన బడి, ఒక్క వాక్యంతో బడి కాకుండా పోయే ప్రమాదం ఏర్పడింది. ఈ చట్టాన్ని అమలు జరిపే అధికారం స్థానిక ప్రభుత్వ పాఠశాలల పాలకవర్గాల చేతిలో ఉండడం అనుమానాన్ని ఇంకా పెంచింది. ఎందుకనగా ఆ పాలకవర్గం నడిపే బడికి, ఈ చర్చి బడికి పిల్లల విషయంలో సహజంగానే పోటీ ఉండేది.

చట్టంపై సంతకం చేసిన గవర్నరు విలియం డెంప్‌స్టర్ హోర్డ్. ఈయనను గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఎందుకంటే ఈ కథలో ఆయన దుర్మార్గుడు కాడు. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, యౌవనంలో విస్కాన్సిన్ చేరాడు. ఆనాడు అక్కడి రైతులు ఏటేటా గోధుమనే పండించి నేలను నిస్సారం చేసికొంటుండగా, పాడిపరిశ్రమ ఒక్కటే శరణ్యమని ఊరూరా తిరిగి బోధించినవాడు హోర్డ్. 1872లో పాడిరైతుల సంఘస్థాపనకు తోడ్పడ్డాడు. 1885లో ‘హోర్డ్స్ డెయిరీమన్’ అనే పత్రికను స్థాపించాడు. విస్కాన్సిన్ వెన్నకు, జున్నుకు లోకంలో పేరు తెచ్చినవారిలో ఆయన అగ్రగణ్యుడు. 1888లో రిపబ్లికన్ పక్షం తరఫున గవర్నరుగా ఎన్నికైనప్పుడు ప్రత్యర్థులు ఆయనను ఆవుల గవర్నరని పరిహసిస్తే, ఆయన ఆ బిరుదును సంతోషంగానే స్వీకరించాడు. ఇంగ్లీషు రాని పిల్లవాడు పెద్దవాడైన తరువాత కూలివాడుగానే మిగిలిపోతాడనీ, అతనికి దేశభాషను నేర్పించడం ప్రభుత్వ ధర్మమనీ ఆయన నిష్కపటంగా నమ్మాడు.

నమ్మకం వరకు బాగానే ఉన్నది. మాటే ఆయనను దెబ్బ తీసింది. తల్లిదండ్రులు, మతగురువులు కలిసి పిల్లల బుద్ధిని చీకటిలో ఉంచడానికి కుట్ర పన్నుతున్నారన్న అర్థంలో ఆయన బహిరంగంగా మాట్లాడాడు. రాష్ట్రంలోని ప్రముఖ దినపత్రిక ‘మిల్వాకీ సెంటినెల్’ ఆయన పక్షం వహించి, చర్చి పాఠశాలలలో ఇంగ్లీషు ఎంత తక్కువగా నేర్పుతున్నారో చూపుతూ వార్తలు ప్రకటించింది. ఆ వార్తలలో నిజం లేకపోలేదు. కాని తన కష్టార్జితంతో బడి కట్టుకొన్న రైతుకు ఆ మాటలు ఎట్లా వినిపించి ఉంటాయో ఊహించుకొనవచ్చు. ఇంగ్లీషు నేర్వమని చెప్పడం వేరు; నీవు నీ బిడ్డకు శత్రువు వని చెప్పడం వేరు.

1890 మార్చిలో రాష్ట్రంలోని ముగ్గురు కాథలిక్ బిషప్పులు, అనగా మిల్వాకీ ఆర్చిబిషప్పు హైస్, లా క్రాస్ బిషప్పు ఫ్లాష్, గ్రీన్ బే బిషప్పు కాట్జర్, ఒక సంయుక్త ప్రకటన వెలువరించారు. ఇంగ్లీషు బోధనకు తాము విరోధులము కామనీ, కాని ఈ చట్టం అనవసరమనీ, తల్లిదండ్రుల హక్కుకు భంగకరమనీ వారి వాదన. లూథరన్ సినడులు కూడా ఇదే వాదం వినిపించాయి. ఆ జూన్ మాసంలో మిల్వాకీలో చట్టవ్యతిరేక మహాసభ జరిగింది. లూథరన్లకు, కాథలిక్కులకు మధ్య మూడు శతాబ్దాలకు పైబడిన వైరం ఉన్నది. ఒకరి బడి గడప మరొకరు తొక్కరు. జర్మనీ చరిత్రలో వారి మధ్య పారిన రక్తం ఇంతింత కాదు. అట్టివారిని ఒకే వేదిక మీదికి కాకపోయినా ఒకే ఓటుపెట్టె దగ్గరికి తెచ్చిన ఘనత మాత్రం బెన్నెట్ చట్టానిదే. ఇరువర్గాలకూ ప్రభుత్వ జోక్యమంటే పాత గాయాలు ఉన్నాయి. లూథరన్లకు ప్రష్యా రాజు గుర్తున్నాడు. కాథలిక్కులకు 1870 దశకంలో బిస్మార్క్ తమ మఠాలపైన, పాఠశాలలపైన విధించిన ఆంక్షలు ఇంకా మరపుకు రాలేదు.

వారు న్యాయస్థానానికి ఎందుకు పోలేదని విద్యార్థులకు సందేహం కలుగవచ్చు. మన రాజ్యాంగంలోని 30వ అధికరణం మతపరమైన లేక భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొనే హక్కును ప్రసాదించింది. 1956లో చేర్చిన 350-ఏ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని రాష్ట్రాలకు నిర్దేశించింది. అటువంటి వాక్యమేదీ విస్కాన్సిన్ రాజ్యాంగంలో గాని, అమెరికా రాజ్యాంగంలో గాని లేదు. అయితే ఇంకొక ఆయుధం వారికి ఉన్నది. 1848 నాటి విస్కాన్సిన్ రాజ్యాంగం ప్రకారం, అమెరికా పౌరుడను కాదలచినానని ప్రకటించి, రాష్ట్రంలో ఒక సంవత్సరం నివసించిన పరదేశీయునికి సైతం, పౌరసత్వం పూర్తిగా రాకముందే, ఓటు ఉండేది. ఈ నియమాన్ని 1908లో తొలగించారు. కావున నిన్నగాక మొన్న ఓడ దిగిన రైతు కూడా, ఇంగ్లీషులో ఒక్క వాక్యం పలుకలేనివాడు కూడా, గవర్నరును ఎన్నుకొనగలవాడే. అతని భార్యకు మాత్రం ఆ భాగ్యం లేదు. పిల్లల చదువును గూర్చిన ఈ ఎన్నికలో గవర్నరును ఎన్నుకొన్నవారు కేవలం పురుషులు.

డెమొక్రాటిక్ పక్షం ఈ అవకాశాన్ని చక్కగా పసిగట్టింది. వారు నిలబెట్టిన అభ్యర్థి జార్జి విల్బర్ పెక్. ఈయన హాస్యరచయిత! ‘పెక్స్ బ్యాడ్ బాయ్’ పేరుతో, తండ్రిని ముప్పుతిప్పలు పెట్టే అల్లరి పిల్లవాని కథలు వ్రాసి దేశమంతటా నవ్వులు పూయించినవాడు. బడి ఎగవేసే పిల్లవాని సృష్టికర్త నిర్బంధవిద్యా చట్టానికి ప్రతికక్షిగా నిలవడంలో ఒక వినోదం ఉన్నది. 1890 ఏప్రిల్‌లో మిల్వాకీ మేయరు పదవికి పోటీ చేసి పెక్ గెలిచాడు. అది బెన్నెట్ చట్టానికి మొదటి పరీక్ష. నగరంలోని జర్మన్, పోలిష్ వార్డుల నాడి అప్పుడే తెలిసిపోయింది. అదే ఏడు శరత్కాలంలో పెక్‌ను గవర్నరు పదవికి నిలబెట్టారు. తల్లిదండ్రుల హక్కు, అంతరాత్మ స్వాతంత్ర్యం అన్నవి డెమొక్రాట్ల నినాదాలు. బోధనభాష మంచిచెడ్డల జోలికి పోక, ఇల్లు ఇంటివారిదనే ఒక్కమాట మీద నిలవడం వారి నేర్పు.

రిపబ్లికన్లకు ‘చిన్న బడి’ చిహ్నమైంది. పల్లెలోని చిన్న ప్రభుత్వ పాఠశాలకు అండగా నిలవండని హోర్డ్ వేదిక వేదికనా కోరాడు. ఆ చిత్రంలో ఒక ఆకర్షణ ఉన్నది, కాదనలేము. నానాదేశాల బిడ్డలు ఒక్క బల్ల మీద కూర్చొని, ఒక్క భాషలో పాఠం చెప్పుకొని, ఒక్క ప్రజగా ఎదగాలన్న కల అది. మండల నిబంధనను సవరిద్దామని రిపబ్లికన్లలోనే కొందరు అన్నారు. కాని అప్పటికే ఆలస్యమైపోయింది. సవరణకు సిద్ధపడితే తప్పు ఒప్పుకొన్నట్లు, పడకపోతే మొండితనం చూపినట్లు అన్న సందిగ్ధంలో ఆ పక్షం చిక్కుకొన్నది.

ఫలితాలు వెలువడినప్పుడు పెక్‌కు సుమారు 1,60,000 ఓట్లు, హోర్డ్‌కు సుమారు 1,32,000 ఓట్లు వచ్చాయి. రెండేండ్ల క్రితం ఇదే హోర్డ్ సుమారు 20 వేల ఆధిక్యంతో గెలిచినవాడు. ఇప్పుడు సుమారు 28 వేల తేడాతో ఓడిపోయాడు. పార్లమెంటు దిగువ సభలో రాష్ట్రానికి గల తొమ్మిది స్థానాలలో ఎనిమిదింటిని డెమొక్రాట్లు గెలుచుకొన్నారు. తరువాతి కాలంలో సంస్కరణవాదిగా యావద్దేశ ఖ్యాతి గడించిన రాబర్ట్ లా ఫాలెట్ సైతం ఆ ప్రవాహంలో తన స్థానాన్ని కోల్పోయాడు. రాష్ట్ర శాసనసభ కూడా డెమొక్రాట్ల వశమైనందున, ఆనాటి పద్ధతిలో శాసనసభ ఎన్నుకొనే సెనేటరు పదవి 1891లో స్పూనర్ చేతి నుండి విలాస్ చేతికి పోయింది.

ఈ అంకెలను కొంచెం నిదానంగా చూడవలసి ఉన్నది. 1888లో డెమొక్రాటిక్ అభ్యర్థికి వచ్చిన ఓట్లు సుమారు 1,55,000. అనగా పెక్ అదనంగా సంపాదించినవి అయిదు వేలు మాత్రమే. కాని హోర్డ్ పోగొట్టుకొన్నవి నలుబది వేలకు మించి ఉన్నాయి. 1888 అధ్యక్ష ఎన్నికల సంవత్సరం కనుక నాడు ఓటర్లు ఎక్కువగా వచ్చిన మాట నిజమే. అయినా ఆ తగ్గుదల రెండు పక్షాలకు సమానంగా పడలేదు. కాథలిక్కులు అంతకు మునుపు కూడా అధికంగా డెమొక్రాట్లే. పక్షం మార్చినవారు, లేదా ఓటు వేయక ఇంటిపట్టున ఉండిపోయినవారు ప్రధానంగా జర్మన్ లూథరన్లని చరిత్రకారులు గుర్తించారు. విధేయులైన తన మనుషులే మౌనంగా తొలగిపోవడం వల్ల రిపబ్లికన్ పక్షం ఓడిందని నా అభిప్రాయం.

మరొక ఆక్షేపణ ఉన్నది. 1890 అక్టోబరు 1వ తేదీన అమెరికా ప్రభుత్వం మెకిన్లీ సుంకాల చట్టాన్ని తెచ్చింది. ధరలు పెరుగుతాయన్న భయంతో దేశమంతటా రిపబ్లికన్లు ఆ నవంబరులో ఘోరంగా దెబ్బతిన్నారు. అటువంటప్పుడు విస్కాన్సిన్ ఓటమికి బడి చట్టాన్ని కారణంగా చెప్పడం ఎట్లా? ఈ ఆక్షేపణలో సత్యం కొంత ఉన్నది. కాని మిల్వాకీ మేయరు ఎన్నిక ఏప్రిల్‌లో, అనగా సుంకాల చట్టానికి ఆరునెలల ముందు, ముగిసింది. అప్పుడే గాలి తిరిగింది. పొరుగు రాష్ట్రమైన ఇల్లినాయ్ మరొక సాక్ష్యం. అక్కడ కూడా 1889లోనే ‘ఎడ్వర్డ్స్ చట్టం’ అనే ఇటువంటి శాసనం వచ్చింది. 1892లో జర్మనీలో జన్మించిన జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్ డెమొక్రాట్‌గా గవర్నరు పదవిని గెలిచాడు. 1893లో ఆ చట్టం రద్దయింది.

పెక్ ప్రభుత్వం 1891 ఆరంభంలోనే బెన్నెట్ చట్టాన్ని రద్దు చేసింది. అయితే నిర్బంధ హాజరు అనే సూత్రాన్ని వదలలేదు; భాషా నిబంధన లేకుండా మరొక హాజరు చట్టం వచ్చింది. తొలినాడే ఆ రూపంలో తెచ్చి ఉంటే హోర్డ్ పదవి పోయేది కాదేమో! పెక్ 1892లో మళ్లీ గెలిచి, 1894లో ఓడిపోయాడు. హోర్డ్ తన ఆవుల దగ్గరకు, పత్రిక దగ్గరకు తిరిగిపోయి 1918లో మరణించే వరకు పాడిరైతుల సేవలోనే గడిపాడు. ఇక ఆ జర్మన్ పాఠశాలల మాట. తమంతట తామే అవి క్రమక్రమంగా ఇంగ్లీషుకు చోటిచ్చాయి. ఇంటిలో కొత్త తరం ఇంగ్లీషు మాట్లాడసాగిన కొద్దీ బడి భాష కూడా మారింది. చట్టం బలవంతాన చేయలేని పనిని కాలం నెమ్మదిగా చేసింది. మొదటి ప్రపంచయుద్ధం నాటి జర్మన్ ద్వేషం దానిని తొందరపెట్టింది.

ఆ యుద్ధకాలపు ద్వేషంలోనే నెబ్రాస్కా రాష్ట్రం 1919లో, ఎనిమిదవ తరగతి పూర్తి కాని ఏ పిల్లవానికీ ఏ బడిలోనూ ఇంగ్లీషు తప్ప వేరొక భాష నేర్పరాదని శాసించింది. 1920 మే 25న ఒక లూథరన్ బడిలో రాబర్ట్ మేయర్ అనే ఉపాధ్యాయుడు పదేండ్ల బాలునికి జర్మన్ చదవడం నేర్పుతున్నందుకు 25 డాలర్ల జరిమానాకు గురి అయ్యాడు. ఆ వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 1923 జూన్ 4న న్యాయమూర్తులలో ఏడుగురు ఆ శిక్షను కొట్టివేస్తూ, రాజ్యాంగపు 14వ సవరణ రక్షించే స్వేచ్ఛలో ఉపాధ్యాయుడు బోధించే హక్కు, తల్లిదండ్రులు తమ బిడ్డకు అట్టి బోధన చేయించుకొనే హక్కు ఇమిడి ఉన్నాయని తీర్పు చెప్పారు. 1890లో విస్కాన్సిన్ రైతు ఓటుపెట్టె ద్వారా తాత్కాలికంగా సాధించుకొన్నది ముప్పది మూడేండ్ల తరువాత న్యాయశాసనమైంది. ఇద్దరు న్యాయమూర్తులు మాత్రం ఏకీభవించలేదు. వారిలో ఒకరు అమెరికా న్యాయశాస్త్రంలో మహామేధావిగా పేరుగాంచిన హోమ్స్. ఇంటిలో పోలిష్, ఫ్రెంచి, జర్మన్ మాత్రమే వినే పసివాడు బడిలో ఇంగ్లీషే వినాలని, ఇంగ్లీషే పలుకాలని ఒక రాష్ట్రం కోరితే, అది అసమంజసమని చెప్పడానికి తాను సిద్ధంగా లేనని ఆయన వ్రాశాడు. ఓడిపోయిన గవర్నరు హోర్డ్ ఊరూరా చెప్పిన వాదానికి ఇంతకంటె సౌమ్యమైన రూపం మరొకటి లేదు.